సారుగారి బేరం

రైల్లో ఎదుటి సీటాయన మన దగ్గర మూడు సంగతులు రాబట్టందే దిగడు. ఏ ఊరండీ అన్నది మొదటిది. ఏం చేస్తుంటారండీ అన్నది రెండోది. చీరాలలో బండెక్కితే ఈ రెండూ ఈపూరుపాలెం లోపే అయిపోతాయి. స్టూవర్టుపురం దాటి, బాపట్ల సిగ్నల్ దగ్గర బండి ఊరికే నిలబడిపోయినప్పుడు, కిటికీలోంచి చేలు చూస్తున్నట్టు నటిస్తూ మూడోది వదులుతాడు: "అయితే ఏమాత్రం ముడుతుందండీ?"

ఇరవై ఎనిమిదేళ్లు సీజన్ టికెట్ మీద ఆ దారిలో తిరిగినవాణ్ణి. కాపురం చీరాలలో, ఉద్యోగం ఇంకో ఊళ్లో. చెప్పింది జువాలజీ. ఆ మాట అనగానే "కప్పల్ని కోస్తారే, అదేనా?" అనేవాళ్లు. అదేనండీ అనేవాణ్ణి. నా పక్కన కూర్చునే లెక్కల మేష్టారిని మాత్రం ఆ మూడో ప్రశ్న ఎవరూ అడిగిన పాపాన పోలేదు. లెక్కలవాళ్లకు ట్యూషన్లుంటాయని లోకానికి తెలుసు. తెల్లారగట్ల ఐదింటికి ఆయన ఇంటి ముందు సైకిళ్లు బారులు తీరేవి. కప్పను కోసే విద్య ట్యూషన్ పెట్టించుకుని నేర్చుకునేవాడెవడు? అందుకే నా జీతం మీద జనానికి అంత జాలి, అంత కుతూహలం.

ఇప్పుడీ పాత సంగతి తవ్వడానికి కారణం, ఆ మధ్య వచ్చిన ఒక ఫోన్. నా దగ్గర డిగ్రీ చదివిన అమ్మాయి. రేపల్లె అవతల కృష్ణ ఒడ్డున వాళ్ల ఊరు. నాగార్జున విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ చేసింది. "సారూ, చీరాలలో ఒక ప్రైవేటు కాలేజీకి రమ్మంటున్నారు. పద్దెనిమిది వేలిస్తామన్నారు. మీ ఊళ్లో పద్దెనిమిది వేలతో బతకొచ్చా?" అనడిగింది.

బతకొచ్చమ్మా అనీ అనలేదు, కష్టమమ్మా అనీ అనలేదు. రెండు రోజులు ఆగి చెబుతానన్నాను. నలభై ఏళ్లుగా ఈ ఊళ్లో బతుకుతున్నవాణ్ణి, చటుక్కున జవాబు రాలేదంటే చూడండి. ఆ రెండు రోజులూ ఏం లెక్కలేశానో మీతో చెబుతాను. చలికాలం సాయంత్రం, కరెంటూ పోయింది, మీకూ నాకూ వేరే పనేముంది?

ముందుగా ఒక పాఠం. భయపడకండి, పరీక్ష పెట్టను. మనిషి చేయీ కాలూ కదపకుండా పడుకున్నా ఒంట్లో ఖర్చు ఆగదు. గుండె కొట్టుకోవాలి, ఊపిరి ఆడాలి, ఒళ్లు వెచ్చగా ఉండాలి. ఈ కనీస ఖర్చుని మా శాస్త్రంలో బేసల్ మెటబాలిక్ రేట్ అంటాం. మామూలు మనిషి రోజంతా ఖర్చుపెట్టే శక్తిలో అరవై డెబ్బై శాతం దీనికే పోతుంది. నడక, పరుగు, పని, పోట్లాట అన్నీ మిగిలిన ముప్పై నలభైలో సర్దుకోవాలి. సంసారం కూడా అంతే. అద్దె, బియ్యం, పాలు, గ్యాసు, కరెంటు, ఫోను. ఇల్లు కదలకుండా కూర్చున్నా ఒకటో తారీకుకల్లా ఇవి వచ్చి వాకిట్లో నిలబడతాయి. ఊరు చవకా ప్రియమా అనడిగేవాళ్లు అసలు ఈ కూర్చున్న ఖర్చు ఎంతో అడగాలి.

ఆ అమ్మాయికి వేసి చూశాను. మా వీధిలో మేడ మీద ఒంటి గది, బయట బాత్రూమ్, నాలుగు వేలు. కరెంటు వేరే. పొద్దున అరలీటరు పాల ప్యాకెట్టు, నెలకు వెయ్యి దాటుతుంది. బియ్యం, ఉప్పూపప్పూ, గ్యాసు, కూరలు కలిసి ఎంత బిగపట్టినా ఐదు వేలు. ఫోను రీచార్జీ, సబ్బులు, మందుబిళ్లలు ఇంకో వెయ్యి. అక్కడికే పదకొండు వేలు దాటాయి. అంటే అరవై శాతం పైచిలుకు. ఒంటి లెక్కా ఇంటి లెక్కా ఎంత చక్కగా కలిశాయో అని ముచ్చటపడబోయాను. అంతలో గుర్తొచ్చింది, వాళ్ల నాన్నకు నెలనెలా ఆరు వేలు పంపాలని చెప్పిందని. ఇక మిగిలేది ఏడెనిమిది వందలు. బట్టలు, పెళ్లిళ్లు, జ్వరాలు, సంక్రాంతి, అన్నీ అందులోనే.

గది తీసుకోకుండా ఇంటి దగ్గర్నుంచే తిరిగితే? 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పేరుతో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు కదా. నాలుగు వేల అద్దె మిగులుతుంది. కాకపోతే బాపట్ల మీదుగా పోను రెండు గంటలు, రాను రెండు గంటలు. రోజుకు నాలుగు గంటలు బస్సులో ఊగి, ఐదు క్లాసులు నిలబడి చెప్పి, రాత్రి రికార్డులు దిద్దాలి. డబ్బు ఖర్చు తగ్గితే ఒంటి ఖర్చు పెరిగింది. ఈ లెక్క ఏ పద్దులోనూ రాయరు.

బియ్యం మాటొచ్చింది గనక ఇక్కడ కాసేపు ఆగుదాం. ఇవాళ తెలుగువాళ్లు ఎక్కడున్నా సన్నబియ్యమంటే బీపీటీ అంటారు. సంచి మీద 5204 అని అంకె ఉంటుంది. బీపీటీ అంటే ఏమనుకుంటున్నారు? బాపట్ల. మా చీరాలకు పదిహేను కిలోమీటర్లలో ఉన్న బాపట్లలో, డాక్టర్ ఎం.వి. రెడ్డి గారు రకాలను సంకరం చేసి పుట్టించిన వంగడం అది. సాంబ మసూరి అసలు పేరు. 1986లో విడుదలైంది. జీవశాస్త్రం చదివినవాడు లోకానికి ఏం పెట్టాడయ్యా అని ఎవరైనా అడిగితే, నేను కంచం చూపిస్తాను.

తమాషా ఏమిటంటే, 1986 అనగానే మా లెక్చరర్లకు గుర్తొచ్చేది బియ్యం కాదు, స్కేలు. ఆ ఏడు జనవరి 1 నుంచి లెక్కగట్టి యూజీసీ కొత్త జీతాలిచ్చింది. అంతకు ముందు, 1973 నుంచీ లెక్చరర్ స్కేలు 700తో మొదలై 1600 దగ్గర ఆగేది. 1986లో అది 2,200-4,000 అయింది. 1996లో 8,000-13,500. 2006లో 15,600, పైన గ్రేడ్ పే ఆరు వేలు. 2016లో 57,700. ఈ అంకెలు మావాళ్లకు నోటికొచ్చు. పెళ్లిరోజు మరిచిపోయినవాడు కూడా తనకు ఏ పే కమిషన్‌లో ఎంత ఫిక్సయిందో తడుముకోకుండా చెబుతాడు.

నేను మాత్రం 1983లో చేరినప్పుడు ఏ స్కేల్లోనూ లేను. ఏ కాలేజీయో ఎందుకులెండి. నెలకు మూడొందల యాభై రూపాయలు, "కన్సాలిడేటెడ్" అనేవాళ్లు. ఆ ఇంగ్లీషు మాట ఎంత గంభీరంగా ఉందో చూశారా! పెరగదు, తరగదు, వేసవి సెలవుల్లో ఉండదు అని దాని అర్థం. జీతం రోజున గుమాస్తా పుస్తకం ముందుకు తోసేవాడు. సంతకం పెట్టే చోట ఒక అంకె, చేతిలో పడే కవర్లో ఇంకో అంకె. ఆ రెంటికీ మధ్య తేడా ఎక్కడికి పోతుందని అడిగితే మర్నాటి నుంచి మనమే ఎక్కడికో పోవాలి. మూడేళ్లు అలా పెట్టాను సంతకాలు. తర్వాత ఇంకోచోట ఎయిడెడ్ పోస్టు ఖాళీ వచ్చి, దేవుడు కళ్లు తెరిచి, స్కేల్లో పడ్డాను.

"స్కేల్లో పడ్డాడు." ఈ మాట మా తరంలో ఎంత బరువైందో ఇప్పటివాళ్లకు తెలీదు. మా అమ్మ ఊరంతా ఇదే చెప్పుకుంది. అప్పటిదాకా పిల్లనివ్వడానికి ఆలోచించినవాళ్లు వరసపెట్టి కబురంపారు. మొదటి ఎరియర్స్ బిల్లు పాసైనప్పుడు మా ఇంట్లోకి ఫ్రిజ్ వచ్చింది. వీధిలో పిల్లలు దాని తలుపు తీసి, మూసి, లోపలి దీపం ఎప్పుడారుతుందో కనిపెట్టడానికి ఒక పూటంతా పరిశోధన చేశారు. చూడబోతే వాళ్లే నాకంటే మంచి శాస్త్రవేత్తలు.

జీతం పెరిగిందా, నిజంగానే పెరిగిందా అని తేల్చడానికి మా ఆవిడ దగ్గర ఒక కొలబద్ద ఉంది. బంగారం. తెనాలిలో ఆమె పుట్టిల్లు, పెళ్లిళ్లకు నగలు అక్కడే కొంటుంది. ఆమె లెక్క ప్రకారం కొత్త స్కేలు మొదటి అంకెతో ఆనాడు ఎంత బంగారం వస్తుందో చూడాలి. 1973లో పది గ్రాములు సుమారు 280 రూపాయలు, అంటే 700 మూల వేతనానికి 25 గ్రాములు. 1986లో పది గ్రాములు 2,100 పైచిలుకు, 2,200 జీతానికి పదే గ్రాములు. 1996లో పదిహేను. 2006లో గ్రేడ్ పే కలుపుకుంటే మళ్లీ ఇరవై ఐదు. 2016లో ఇరవై. ఇక 2025లో పది గ్రాములు లక్ష దాటాక, 57,700కు డీఏ కలిపినా పది గ్రాములు రావడంలేదు. "యాభై ఏళ్లలో అంకె ఎనభై రెట్లు పెరిగింది, గొలుసు మాత్రం సగం కూడా కాలేదు" అంటుంది ఆవిడ. ఏ ఆర్థికవేత్త చెప్పినా నాకింత సూటిగా తగల్లేదు.

అయితే కొలబద్ద మార్చి బియ్యంతో కొలవండి, ఇంకో కథ బయటపడుతుంది. ఇప్పుడు బీపీటీ సంచి పద్నాలుగు పదిహేను వందలు. సంచి ఇరవై ఐదు కిలోలే కదా అంటారేమో, ఇప్పుడు ఇరవై ఆరు. 2022 జూలైలో ఇరవై ఐదు కిలోలూ ఆలోపూ ఉండే ప్యాకింగు బియ్యానికి ఐదు శాతం జీఎస్టీ వచ్చింది. మిల్లులవాళ్లు ఒక్క కిలో ఎక్కువ పోసి పన్ను తప్పించారు. గిరాకీని బట్టి, పన్నుని బట్టి ఆకారం మార్చుకోవడంలో మన బియ్యపు సంచిని మించిన జీవి లేదు. డార్విన్ చూసి ఉంటే ఒక అధ్యాయం రాసేవాడు.

ఆంధ్రప్రదేశ్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ ద్వారా ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో లెక్చరరైతే జీతం 61,960తో మొదలవుతుంది. జూనియర్ కాలేజీలో అయితే 57,100తో. డీఏ, ఇంటద్దె పైన. డిగ్రీ లెక్చరర్ మూల వేతనంతో నలభై సంచుల బియ్యం కొనొచ్చు. నాకు ఫోన్ చేసిన అమ్మాయి పద్దెనిమిది వేలతో పన్నెండు. ఇద్దరూ చెప్పేది అదే బొద్దింక నాడీవ్యవస్థ, అదే వానపాము. యూనివర్సిటీ ఇచ్చే సిలబస్ ఒకటే, ప్రశ్నాపత్రమూ ఒకటే. బియ్యం కొట్టువాడికి ఎవరు స్కేల్లో ఉన్నారో తెలీదు. బీపీటీకి అసలే తెలీదు.

ఇందులో కాలేజీ యాజమాన్యాల్ని తిట్టి ఊరుకుంటే సరిపోతుందా? వాళ్ల మాట కూడా వినాలి. ప్రైవేటు డిగ్రీ కాలేజీకి రాబడంటే ఫీజు. పిల్లల్లో చాలామంది ఫీజు ప్రభుత్వం రీయింబర్స్‌మెంట్‌గా ఇవ్వాలి. అది ఎప్పుడొస్తే అప్పుడు జీతం. "రీయింబర్స్‌మెంట్ రాలేదు సార్" అన్న వాక్యం మా స్టాఫ్‌రూముల్లో పొద్దున టీ కంటే ముందొస్తుంది. దానికి తోడు 2023-24 నుంచి డిగ్రీలో ఒకే మేజర్ పద్ధతి తెచ్చారు. అంతకు ముందు బాటనీ, జువాలజీ, కెమిస్ట్రీ కలిపి బీజడ్‌సీ అని ఒక గ్రూపుండేది. ముగ్గురు లెక్చరర్లు ఆ ఒక్క గ్రూపు మీద బతికేవాళ్లు. ఏదో ఒకటే ఎంచుకో అనేసరికి, కుర్రవాడు కంప్యూటర్ల వైపు పరిగెత్తడా? జువాలజీకి ఏడుగురు వచ్చారు, బాటనీకి ముగ్గురు వచ్చారు అని వింటుంటే, అంతరించిపోతున్న జాతుల జాబితా చదువుతున్నట్టుంటుంది.

మరి జీవశాస్త్రానికి గిరాకీ లేదా అంటే, ఎందుకు లేదు! నీట్ పరీక్ష 720 మార్కుల్లో 360 మాదే. లెక్కల మేష్టారి ఇంటి ముందున్న సైకిళ్లు ఇప్పుడు మావాళ్ల ముందు కార్లయ్యాయి. కాకపోతే ఆ కార్లు చీరాలలో ఆగవు, గుంటూరు, విజయవాడల్లో ఆగుతాయి. అక్కడ నీట్ చెప్పే జువాలజీ కుర్రవాడు నేను రిటైరైన జీతాన్ని మొదటి ఏడే దాటేస్తాడు. వాడికి వేరే బాధలు. రాత్రి తొమ్మిదింటికి డౌట్ క్లాస్, ఆదివారం పరీక్ష, ర్యాంకు రాకపోతే మర్నాడు కుర్చీ ఉండదు.

ఖర్చు పెరిగితే ఊరొదిలిపోవడం మా చీరాలకు కొత్త కాదు. మునిసిపాలిటీ పెట్టి పన్నులు పెంచారని 1921లో చీరాల, పేరాల జనం దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి వెంట ఊళ్లొదిలి, బయట తాటాకు పాకలేసుకుని రామనగర్ అని పేరు పెట్టుకుని, పదకొండు నెలలు ఎండకూ వానకూ ఓర్చుకున్నారు. చరిత్ర పుస్తకాల్లో ఉంది. అప్పుడు ఊరంతా ఒక్కసారిగా లేచింది గనక చరిత్రయింది. ఇప్పుడు బాగా చదువుకున్నవాళ్లు ఒక్కొక్కరే బ్యాగు పట్టుకుని తెల్లవారుజామున బండెక్కుతున్నారు. దీన్ని ఎవరూ ఉద్యమం అనరు. వాళ్లమ్మలు మాత్రం ప్లాట్‌ఫారం చివరిదాకా నడుస్తారు.

సరే, ఇన్ని చెప్పాను గానీ, మా ఊరు చవకేనని వాదించేవాళ్లు నా స్నేహితుల్లోనే ఉన్నారు. ఎంజీసీ మార్కెట్టుకి పోతే గుడ్డ చవక అంటారు. నిజమే. ఎక్కడెక్కడి బేరగాళ్లో రైలెక్కి వచ్చి మూటలు కట్టుకుపోతారు. షర్టు గుడ్డ కొన్నాక దర్జీ దగ్గరికి పోండి, కుట్టుకూలి గుడ్డ ధరను మించుతుంది. పక్క సందులో గుంట మగ్గం మీద కుప్పడం చీర నేసే ఇంటి పిల్లవాడే మన క్లాసులో మూడో బెంచీలో కూర్చుంటాడు. వాళ్ల నాన్న రోజుకు ఎన్ని గంటలు కాళ్లు గుంటలో పెట్టుకు కూర్చుంటాడో తెలిసినవాడెవడూ చవక అనే మాట గట్టిగా అనడు. చవక అంటే ఎవడో ఒకడు తన కూలి తగ్గించుకున్నాడనే.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. రెండు రోజులు లెక్కలేసిన తర్వాత కూడా నా పద్దులో ఏదో తప్పిపోయినట్టు అనిపించింది. అదేమిటో మూడో రోజు పొద్దున ఓడరేవులో దొరికింది.

ఓడరేవు మా ఊరికి ఆరేడు కిలోమీటర్లు. ఉద్యోగంలో ఉండగా పిల్లల్ని అక్కడికి తీసుకుపోయేవాణ్ణి. అల వెనక్కి పోగానే తడి ఇసుకలో చేయిపెట్టి ఒక పిడికెడు తీస్తే, బొటనవేలి కొనంత పీతలాంటి జీవి కాళ్లు కొట్టుకుంటూ ఉండేది. ఎమెరిటా. కింద వదిలితే క్షణంలో వెనక్కి వెనక్కి తవ్వుకుంటూ ఇసుకలో మాయం. కాలేజీ లాబొరేటరీలో సీసాల్లో ఫార్మలిన్ తాగి తెల్లబోయిన నమూనాలు పదేళ్లు చూపించినా రాని పాఠం, ఆ ఒక్క అలలో వచ్చేది. దీనికి బిల్లు లేదు. జువాలజీ లెక్చరర్‌కి సముద్రం పక్కన ఉద్యోగమంటే జీతంలో రాయని భత్యం. దాన్ని కూడా లెక్కలో వేయాలి కదా అనుకుంటూ నడుస్తున్నాను.

ఒడ్డున పడవలు దిగాయి. ఒకామె తట్టలో కానాగంతలు, పక్కన రెండు చందువలు పెట్టుక్కూర్చుంది. నేను గొంతుక్కూర్చుని చందువ మొప్ప ఎత్తి చూశాను. ఎర్రగా, తడిగా, నిగనిగలాడుతోంది. కన్ను ఉబ్బి ఉంది. వేలితో నొక్కితే గుంట పడి వెంటనే పూడింది. తాజా చేపకు మేం క్లాసులో చెప్పే లక్షణాలన్నీ వరసగా ఉన్నాయి. ఎంతమ్మా అన్నాను. "మీకు తెలీందేముంది సారూ, ఆరొందలియ్యండి" అంది. నాకంటే ముందొచ్చిన లుంగీ ఆయనకు అదే తట్టలోంచి అంతే చేప నాలుగొందల యాభైకి ఇచ్చింది. నా కళ్ల ముందే. ఆయన గట్టిగా అరిచాడు, లేచి వెళ్లిపోబోయాడు, రెండడుగులేశాడు, వెనక్కి పిలిపించుకున్నాడు. నేను అరవగలనా? ఆమె కొడుకు నా స్టూడెంటై ఉండొచ్చు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, సారూ అనిపించుకుని, నూట యాభై రూపాయలకు లేచిపోయి రెండడుగులు వేయగలనా? ఆరొందలిచ్చాను. చిల్లర కూడా లెక్కపెట్టుకోలేదు.

తప్పిపోయిన పద్దు ఇదీ. సారు ఖర్చు.

ఊరు మాకు రెండు జీతాలిస్తుంది. ఒకటి డబ్బు, రెండోది గౌరవం. హోటల్లో కుర్చీ తుడిచి చూపిస్తారు, బ్యాంకులో ముందుకు రమ్మంటారు, బస్సులో కుర్రాళ్లు లేస్తారు. ఇది నిజమైన జీతమే, కాదనను. కానీ ఈ రెండో జీతం ఇచ్చినట్టే ఇచ్చి మొదటి దాంట్లోంచి వసూలు చేసుకుంటుంది. వినాయక చవితి పందిరి పిల్లలు పచారీ కొట్టుకు నూటపదహారు రాస్తే, సారుకు ఐదొందల పదహారు రాస్తారు. పాత స్టూడెంట్ల పెళ్లిళ్లు మాఘంలో ఏడొస్తే ఏడు కవర్లు. చొక్కా కాలరు చిరిగితే తిప్పి కుట్టించుకోవడానికి లేదు, బోర్డు వైపు తిరిగితే అరవై మంది కళ్లు మెడ మీదే ఉంటాయి. మా ఆవిడ ముంతావారి సెంటర్లో కూరలు బేరమాడేటప్పుడు నన్ను కొట్టుకు నాలుగు గజాల దూరంలో నిలబడమంటుంది. "మీరు దగ్గరికొస్తే వంకాయలు పది రూపాయలు పెరుగుతాయండీ" అంటుంది. మొదట్లో సరదాకు అంటోందనుకున్నాను. తర్వాత గమనించాను, నిజంగానే పెరుగుతున్నాయి.

స్కేల్లో ఉన్నవాడికి ఇదొక ముచ్చట. పది రూపాయలు పోతే పోయింది, సారూ అన్నారుగా అని మీసం దువ్వుకుంటాడు. పద్దెనిమిది వేలవాళ్లకు మాత్రం ఇది పన్ను. ఊరికి వాళ్ల జీతం తెలీదు, నాకిచ్చిన గౌరవమే వాళ్లకూ ఇస్తుంది, నా దగ్గర వసూలు చేసినంతే వాళ్ల దగ్గరా వసూలు చేస్తుంది. కూలికి పోయేవాడు డబ్బుల్లేవని నలుగురిలో చెప్పుకోగలడు. లెక్చరర్ చెప్పుకోలేడు. గౌరవం నోరు కట్టేస్తుంది.

గౌరవం ఇచ్చి జీతం ఇవ్వని ఈ సంగతి సుప్రీంకోర్టు దాకా కూడా వెళ్లింది. 2025 ఆగస్టులో గుజరాత్ ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీల కాంట్రాక్టు అసిస్టెంట్ ప్రొఫెసర్ల కేసు తీర్పు వచ్చింది. వాళ్లకు నెలకు ముప్పై వేలు, అదే పని చేసే రెగ్యులర్ వాళ్లకు లక్షా ముప్పై ఆరు వేలు. సభల్లో గురుబ్రహ్మ అని శ్లోకాలు చదివితే చాలదు, గురువును దేశం ఎలా చూస్తుందో అందులో ఆ మాట కనపడాలి అన్న అర్థంలో కోర్టు మందలించింది. కనీస మూల వేతనం ఇవ్వమంది. అంతకు ముందు 2016లో పంజాబ్ కేసులోనూ తాత్కాలిక ఉద్యోగులకు సమాన పనికి సమాన వేతనం ఇవ్వాల్సిందేనంది. అవి ప్రభుత్వంలో పనిచేసేవాళ్లకు. ప్రైవేటు కాలేజీ అమ్మాయికి ఆ తీర్పు నీడ ఇంకా చేరలేదు. గెస్ట్ ఫ్యాకల్టీకి క్లాసుకు 1,500, నెలకు యాభై వేలు మించకుండా ఇవ్వొచ్చని యూజీసీ 2019లో రాసిన కాగితం కూడా ఉంది. ఆ కాగితం చూపిస్తే మా వైపు కొన్ని చోట్ల నవ్వి, టీ ఇప్పిస్తారు.

మూడో రోజు సాయంత్రం అమ్మాయికి ఫోన్ చేశాను. లెక్కంతా చెప్పాను. "బతకొచ్చమ్మా, నిలవ ఉండదు" అన్నాను. "రెండేళ్లు అనుభవానికి చెయ్యి, కమిషన్ పరీక్షకు చదువు, నెట్ రాయి. మేడ మీద గది మా వీధిలోనే చూపిస్తాను. వారానికి రెండు పూటలు మా ఇంట్లో తిను. రెండేళ్లు దాటి మాత్రం ఉండకు, అలవాటైపోతుంది." నేను మూడేళ్లు పెట్టిన సంతకాల గురించి కూడా చెప్పాను. ఇన్నేళ్లలో స్టూడెంట్లెవరికీ చెప్పలేదు. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత, "మీరు కూడానా సారూ?" అంది.

వచ్చి చేరింది. మొదటి జీతం పదకొండో తారీకున పడింది. రీయింబర్స్‌మెంట్ సంగతి మీకు చెప్పాను కదా. పడిన సాయంత్రం మా ఇంటికొచ్చింది, చేతిలో సంచి, సంచిలో అరకిలో వంకాయలు, నాలుగు అరటికాయలు. మా ఆవిడకిచ్చి, నా ఎదురుగా కూర్చుని ఒకటే నవ్వు.

"ఏమైందమ్మాయ్?"

"కిందటి వారం దాకా ముంతావారి సెంటర్లో ఆ ముసలామె నన్ను పాపా అనేది సారూ. కిలో నలభైకిచ్చేది. ఇవాళ మనవరాలు పక్కనుంది, మా కాలేజీ ఫస్టియర్. నన్ను చూసి లేచి నిలబడి గుడీవినింగ్ మేడమ్ అంది."

"అయితే?"

"యాభై అంది."

"బేరమాడలేదా?"

"ఎలా ఆడను?" అంది. నవ్వు ఆపి, సంచి మడిచి ఒళ్లో పెట్టుకుంది.

మా ఆవిడ వంకాయలు కడుగుతూ వంటింట్లోంచి అంది: "రేపట్నుంచి ఇద్దరూ నాలుగు గజాల దూరంలో నిలబడండి. కూరలు నేను తెస్తాను."